పాలు పోస్తే చీటీ ఇస్తారు, నీళ్ళిస్తే?

సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి మా పెద్దమ్మ ఫోన్ చేసిన ప్రతిసారీ చివర్లో ఒక మాట అడుగుతోంది. "అమ్మాయ్, ఆ నీళ్ళు పట్టుకెళ్ళిన కుర్రాడు మళ్ళీ రాలేదే. ఏం తేలిందంటావ్?"

పెద్దమ్మ వాళ్ళ ఊరి పక్కన బూడిద చెరువు ఉంది. థర్మల్ విద్యుత్ ప్లాంటులో బొగ్గు కాల్చాక మిగిలిన బూడిదను నీళ్ళతో కలిపి గొట్టాల్లో తెచ్చి అందులో వదులుతారు. ఊరి పేరు రాయను, అది ఏ ప్లాంటు బూడిదో కూడా రాయను. ఎందుకు రాయనో కింద చెప్తాను. ఇది రాయడానికి ఇన్ని నెలలు పట్టడానికి కారణం కూడా అదే.

ఆ కుర్రాడు వచ్చిన రోజు నేను అక్కడే ఉన్నాను. కనుమ మర్నాడు. ఒక కారు వాకిట్లో ఆగింది. పాతికేళ్ళుంటాయేమో, చేతిలో నాలుగు తెల్ల ప్లాస్టిక్ క్యాన్లు. చెరువు చుట్టుపక్కల బోర్ల నీళ్ళు పరీక్షకి తీసుకెళ్తున్నామని చెప్పి మోటారు వేయమన్నాడు. పెద్దమ్మ స్విచ్చి వేసింది. గొట్టంలోంచి మొదట వచ్చిన నీళ్ళే క్యాన్లోకి పట్టేశాడు.

నేను విజయవాడలో డిగ్రీ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తాను. చూస్తూ ఊరుకోలేకపోయాను. "బాబూ, రాత్రంతా గొట్టంలో నిలవున్న నీళ్ళవి. కాసేపు పోనిచ్చి పట్టాలి కదా" అన్నాను. "ఇంకా చాలా ఊళ్ళు తిరగాలి మేడమ్" అన్నాడు, విసుగేమీ లేకుండానే. లోహాల పరీక్షకి పట్టే నీళ్ళలో అక్కడికక్కడే కాస్త నైట్రిక్ ఆమ్లం కలపాలి. లేకపోతే ల్యాబుకి చేరేలోగా కొంత లోహం అడుక్కి దిగిపోతుంది, కొంత క్యాను గోడకే అంటుకుపోతుంది. అతని దగ్గర ఆ సీసా కనపడలేదు. తప్పు అతనిదని నేననను. ఎవరో నేర్పాలి, ఎవరో సమయం ఇవ్వాలి.

క్యాను మీద మార్కరుతో నంబరు రాసుకుంటుంటే పెద్దమ్మ అడిగింది, ఫలితం ఎప్పుడొస్తుందని. "రిపోర్టు ఆఫీసుకి వెళ్తుందమ్మా." మాకివ్వరా అంది. అతను తల అడ్డంగా ఊపాడు. అప్పుడు పెద్దమ్మ ఒక మాటంది. "నేను రెండు పూటలా కేంద్రానికి పాలు పోస్తాను బాబూ. పోసిన నిమిషానికి వెన్న ఎంతో చీటీ చేతిలో పెడతారు. తక్కువొస్తే అక్కడే నిలబడి మళ్ళీ చూడమంటాను. నీళ్ళిస్తే చీటీ ఉండదా?"

అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఒకచోట నిలబడిపోయింది. ఎవరి బోరులోంచి నీళ్ళు తీశారో వాళ్ళకి అంకె తిరిగి చేరకపోతే, ఆ అంకె ఎంత దాటితే ఎవరేం చేయాలో ముందే చెప్పి ఉంచకపోతే, దాన్ని పర్యవేక్షణ అనకూడదు. కొలిచామని రాసుకోవడానికి పనికొస్తుంది, అంతే.

వడియాల గుడ్డ

దుమ్ము సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే కళ్ళకి కనపడేది అదే. రెండేళ్ళ క్రితం మే నెలలో పెద్దమ్మ మేడ మీద పాత తెల్ల పంచె పరిచి సగ్గుబియ్యం వడియాలు పెట్టింది. మధ్యాహ్నం దాకా బాగానే ఉంది. సాయంత్రం గాలి చెరువు వైపు నుంచి తిరిగింది. ఎండాకాలంలో చెరువులో నీళ్ళు ఒక మూలకి పోయి, మిగిలినదంతా ఎండి ఇసుక తిన్నెలా బయటపడుతుంది. పొద్దున్నే వడియాలు ఒలవడానికి గుడ్డ తిరగేసి నీళ్ళు చిలకరించాం. ఒక్కొక్క వడియం లేస్తుంటే దాని కింద రూపాయి బిళ్ళంత తెల్ల వలయం. చుట్టూతా గుడ్డంతా బూడిదరంగు. పంచె మొత్తం మీద వరసలు వరసలుగా తెల్ల చుక్కలు.

వేలితో రాసి చూశాను. రోడ్డు దుమ్ము గరగరలాడుతుంది. ఇది ముగ్గుపిండి కంటే మెత్తగా జారిపోయింది. గుడ్డ మూల కత్తిరించి కాలేజీకి తెచ్చి మైక్రోస్కోపు కింద పెట్టాను. గుండ్రటి గాజు పూసలు. కొలిమిలో కరిగి, గాల్లోనే చల్లారిన రేణువులు అలా గుండ్రంగా తయారవుతాయి. మట్టి రేణువుకి మూలలుంటాయి, దీనికి ఉండవు.

దొరికింది సాక్ష్యం అనుకున్నాను. మా ఫిజిక్సు మాస్టారికి చూపిస్తే ఆయన రెండు ప్రశ్నలు వేశారు. ఆ పూస చెరువులోంచి వచ్చిందా, టార్పాలిన్ కట్టని లారీలోంచి వచ్చిందా, పక్కనున్న బూడిద ఇటుకల యూనిట్ నుంచి వచ్చిందా, ఎలా చెప్తావు? గుడ్డ మీద పడింది సరే, ఊపిరితిత్తుల్లోకి వెళ్ళేంత సన్నటిది అసలు కింద పడకుండా గాల్లోనే తిరుగుతుంది కదా, దాన్ని ఏ గుడ్డ పడుతుంది? రెండూ నిజమే. మన గాలి ప్రమాణాల ప్రకారం పీఎం 10, అంటే 10 మైక్రాన్ల లోపు సన్న దుమ్ము, రోజు సగటు ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు దాటకూడదు. దాన్ని పంచె కొలవలేదు, యంత్రమే కొలవాలి. ఆ యంత్రం ఎక్కడ పెట్టారన్న దాన్ని బట్టి అంకె మారిపోతుంది. గాలి వచ్చే వైపు, చెట్ల చాటున పెడితే ఏడాదంతా మంచి అంకెలే వస్తాయి. గాలి పోయే వైపు, వడియాలు పెట్టుకునే మేడల మీద పెట్టాలి.

ఆ పంచె మాత్రం పెద్దమ్మ ఉతకలేదు. మడిచి బీరువాలో పెట్టింది.

లెక్క తెలిసిన ఏరు, లెక్క తెలియని ఏరు

బెజవాడ వాళ్ళకి అంకెలు పట్టవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. వానాకాలంలో కృష్ణకి వరదొచ్చినప్పుడు ఏ టీ కొట్టు దగ్గరైనా నిలబడండి. పైనుంచి ఎంత వస్తోంది, పులిచింతల ఎంత వదిలింది, ప్రకాశం బ్యారేజీ గేట్లు ఎన్ని ఎత్తారు, అన్నీ నోటి లెక్కే. 4 లక్షల క్యూసెక్కులకు అటూ ఇటూగా మొదటి ప్రమాద హెచ్చరిక, 5.5 లక్షలు దాటాక రెండోది. మొదటిది వేయగానే లంకల్లో గొడ్లను గట్టెక్కిస్తారు, రెండోదానికి సామాను సర్దుకుంటారు. ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు. అంకె రోజూ చెవిన పడుతుంది, ఆ అంకెకి ఏం చేయాలో తెలుసు. అంతకు మించి ఏమీ లేదు అందులో.

2024 సెప్టెంబరు మొదటి వారంలో బ్యారేజీ దగ్గర 11.4 లక్షల క్యూసెక్కులు. నేను భవానీపురంలో మేడ మీద నిలబడి కృష్ణ వైపే చూశాను, ఊరంతా చూసినట్టే. ఊరిని ముంచింది బుడమేరు వాగు. గట్లు తెగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళలోకి నీళ్ళొచ్చాయి, చాలామందికి గుమ్మం దాటాకే తెలిసింది. బుడమేరు ఎంత పారుతోంది, ఎంత పారితే భయపడాలి అనేది ఆ కాలనీల్లో ఎవరి నోటా లేదు. కృష్ణ లెక్క పిల్లలకి కూడా వచ్చు.

బూడిద చెరువు నా దృష్టిలో బుడమేరు లాంటిది. పక్కనే ఉంటుంది, అందరికీ తెలుసు, అంకె మాత్రం ఎవరికీ తెలియదు.

గట్టు సంగతి చూడండి. మధ్యప్రదేశ్ సింగ్రౌలీలో 2020 ఏప్రిల్ 10న సాసన్ ప్లాంటు బూడిద చెరువు గట్టు తెగి ఆరుగురు కొట్టుకుపోయారు. అమెరికాలో టెనెస్సీ రాష్ట్రం కింగ్‌స్టన్ దగ్గర 2008 డిసెంబరు 22 అర్ధరాత్రి దాటాక గట్టు జారి 40 లక్షల ఘనపు మీటర్లకు పైగా బూడిద ఏటిలోకి, 300 ఎకరాల మీదికి వచ్చేసింది. అక్కడ అంతకు కొన్నేళ్ళ ముందే గట్టులో ఊటలు కనపడ్డాయి. చూసినవాళ్ళు ఉన్నారు, రాసుకున్నవాళ్ళు ఉన్నారు. కింద ఇళ్ళలో పడుకున్నవాళ్ళ దగ్గర ఆ కాగితం లేదు.

డికాషన్ లాంటిదే

నీళ్ళ సంగతికి వస్తాను. మన బొగ్గులో 30 నుంచి 45 శాతం బూడిదే. మూడు బస్తాల బొగ్గు కాలిస్తే ఒక బస్తా మిగులుతుంది. అందులో ఆర్సెనిక్, సెలీనియం, బోరాన్, సల్ఫేట్ లాంటివి కొద్దికొద్దిగా ఉంటాయి. కొద్దిగానే ఉన్నా, దశాబ్దాల తరబడి నీళ్ళలో నానితే ఏమవుతుందనేదే ప్రశ్న. మా పిల్లలకి నేను ఫిల్టరు కాఫీతో చెప్తాను. పొడి మీద నీళ్ళు పోస్తే ముందు దిగేది చిక్కటి రంగు, అడుగున ఉన్న చేదు తర్వాత దిగుతుంది. బూడిదలోంచి ముందుగా దిగేవి బోరాన్, సల్ఫేట్. మట్టికి పెద్దగా అంటుకోకుండా నీటితో పాటే నడిచిపోతాయి. ఆర్సెనిక్ నిదానం, నీటి స్వభావాన్ని బట్టి ఆగుతుంది, కదులుతుంది. కాబట్టి పల్లపు బోరులో బోరాన్ పెరగడం మొదలైందంటే చెరువు నీళ్ళు దారి కనుక్కున్నాయన్నమాట. ఇంకా ఎవరికీ హాని జరగకముందే ఆ సంగతి తెలుస్తుంది.

కింగ్‌స్టన్ తర్వాత అమెరికా వాళ్ళు 2015లో పెట్టుకున్న నియమాలు చదువుతుంటే నాకు బ్యారేజీయే గుర్తొచ్చింది. భూగర్భజలం పరీక్షకి చెరువుకి ఎగువన, అంటే బూడిద నీళ్ళు చేరని వైపు, కనీసం ఒక బావి, దిగువన కనీసం మూడు. మొదటి దశలో బోరాన్, కాల్షియం, క్లోరైడ్, ఫ్లోరైడ్, సల్ఫేట్, పీహెచ్, కరిగిన లవణాలు చూస్తారు. ఎగువ బావి కంటే దిగువ బావుల్లో తేడా గట్టిగా కనిపిస్తే రెండో దశ. అప్పుడు ఆర్సెనిక్, సీసం, పాదరసం, సెలీనియం, థాలియం లాంటివాటి వేట. మొదటి హెచ్చరిక, రెండో హెచ్చరిక. పైగా ఆ అంకెలన్నీ ఎవరైనా చూసుకునేలా నెట్‌లో పెట్టి తీరాలి. 2018లో అలా బయటికి వచ్చిన లెక్కల్ని పర్యావరణ సంఘాలు కూడితే, లెక్కలు దొరికిన 265 ప్లాంట్లలో 242 చోట్ల భూగర్భజలం చెడిందని తేలింది. ఆ అంకెలు వేరెవరో కొలిచినవి కావు, కంపెనీలే కొలిచి పెట్టినవి.

దీన్ని బట్టి నేను ఒక అనుమానం మార్చుకున్నాను. ప్లాంటు వాళ్ళే కొలిస్తే నమ్మేదెలా అని నేనూ అనేదాన్ని. ఇప్పుడు అనను. ఎవరు కొలిచినా సరే, నలుగురిలో పెట్టాలి. పాలకేంద్రం వాళ్ళూ వాళ్ళ మిషనుతోనే కొలుస్తారు. చీటీ పెద్దమ్మ చేతికి వస్తుంది కాబట్టి, పక్కింటి ఆవిడ చీటీతో పోల్చుకోవచ్చు కాబట్టి, ఆ మిషను దారిలో ఉంటుంది. ఇంకొంచెం నమ్మకం కావాలంటే పట్టేటప్పుడు రెండు సీసాలు పట్టి ఒకటి పంచాయతీలో ఉంచాలి.

ఎగువ బావి ఎందుకంత ముఖ్యమో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ నాలాంటివాళ్ళమే తొందరపడతాం. కృష్ణా, గుంటూరు మెట్ట ఊళ్ళలో బోరు నీళ్ళు ఎప్పటి నుంచో ఉప్పనే. కొన్నిచోట్ల ఫ్లోరైడ్ భూమిలోనే ఉంది. ఎరువులు, పురుగుమందుల సంగతి సరేసరి. బూడిద చెరువు పక్క బోరులో ఏదో ఎక్కువ వచ్చిందని పట్టుకుని అరిస్తే, అవతలివాళ్ళు 'ఇది బూడిద రాకముందు నుంచీ ఉంది' అంటారు. అది నిజం కూడా కావచ్చు. ఎగువ బావి అంకె పక్కన లేకపోతే ప్లాంటుని తప్పు పట్టలేం, తప్పు లేదనీ చెప్పలేం.

టిన్ను నీళ్ళు

"మేము బోరు నీళ్ళు తాగట్లేదుగా" అంటారు ఊళ్ళో. ఇరవై లీటర్ల టిన్నులు ఇంటింటికీ వస్తాయి. మంచిదే. కానీ ఆ టిన్ను వచ్చాక బోరు గురించి అడగడం మానేశారు. వంటకి, స్నానానికి, ఆకుకూరల మడికి బోరే. గేదె టిన్ను నీళ్ళు తాగదు. ఆ పాలలో ఏదో ఉందని నేననట్లేదు, చూడకుండా అనడం తప్పు. చూడకుండా ఏమీ లేదనడమూ అంతే.

ఇంకొందరి దగ్గర టీడీఎస్ పెన్ను ఉంది, ఆర్వో అమ్మేవాళ్ళు ముంచి చూపిస్తారే, అది. లీటరు నీళ్ళలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో చూపిస్తుంది. 300 అంటే మంచి నీళ్ళని ధైర్యం. ఆర్సెనిక్‌కి మన తాగునీటి ప్రమాణం లీటరుకు 0.01 మిల్లీగ్రాము. వందల్లో చూపించే పెన్నుకి ఆ ముక్క కనపడనే కనపడదు. ఆ పెన్ను పట్టుకుని ధైర్యంగా ఉన్న మా తమ్ముడితో నేను ఒక సాయంత్రమంతా వాదించాను. చివరికి "అయితే ఏం చూడాలో చెప్పక్కా" అన్నాడు. ఈ వ్యాసం సగం వాడి కోసమే.

"మా స్థలాలు ఎవడు కొంటాడమ్మా?"

ఊరి పేరు ఎందుకు రాయట్లేదో ఇప్పుడు చెప్తాను. పాలకేంద్రం గోడ మీద ఒక బోర్డు పెట్టాలని, ఎగువ బావి, దిగువ బావుల అంకెలు, గట్టుకి, చెరువు నీటికి మధ్య ఎత్తు, గాల్లో దుమ్ము రాయాలని, దేనికి మొదటి హెచ్చరికో దేనికి రెండోదో పక్కనే ఉండాలని నేను అరుగు మీద నలుగురిలో చెప్పాను. వరసకి బాబాయ్ అయ్యే ఒకాయన అంతా విన్నాడు. ఆయనకి రోడ్డు పక్కన ఎకరంన్నర ఉంది, పెళ్ళికున్న కూతురుంది. "నీ బోర్డు మీద ఎర్ర అంకె పడితే మా స్థలాలు ఎవడు కొంటాడమ్మా? నువ్వు బెజవాడలో ఉంటావు, మేం ఇక్కడుంటాం" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

చాలా రోజులు జవాబు వెతికాను. అంకె లేనప్పుడు పుకారు ఉంటుంది, పుకారు అంకె కంటే ఎక్కువ ధర తగ్గిస్తుంది అని వాదించొచ్చు. కానీ అది నిజమని ఆయనకి నేను రాసివ్వలేను. కొనేవాడు కూడా పిల్లలున్నవాడే కదా అనొచ్చు. నిజమే, కానీ బూడిద పోసింది బాబాయ్ కాదు, నష్టం ఆయన నెత్తిన పడటం న్యాయం కాదు. ఆయన భయానికి జవాబు బోర్డు దగ్గర లేదు, పరిహారం దగ్గర ఉంది. 2021 డిసెంబరు 31 నాటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం వాడకుండా వదిలేసిన బూడిదకి టన్నుకు 1000 రూపాయల పర్యావరణ పరిహారం కట్టాలి. అలాంటి డబ్బు చెరువు పక్క భూముల వాళ్ళ నష్టానికి కూడా చేరేలా ఉంటే బాబాయ్ తనే వచ్చి బోర్డు ఎక్కడ పెడదామని అడుగుతాడని నా ఆశ. ఆ దారి పడేదాకా ఆయన ఊరి పేరు బయటపెట్టే హక్కు నాకు లేదనిపించింది.

మరి అదే నోటిఫికేషన్ బూడిదనంతా వాడేయమంటోంది కదా, చెరువే ఖాళీ అవుతుంటే బావులెందుకు అని ఒక స్నేహితురాలు అడిగింది. 1999 నుంచీ ఈ వాడకం నియమాలు వస్తూనే ఉన్నాయి, వాడకం పెరిగింది కూడా. సిమెంటులో కలిసిన దాని గురించి, ఇటుకగా బిగిసిన దాని గురించి నాకు బెంగ లేదు. ఇటుకలో బూడిద పట్టుబడి ఉంటుంది. పల్లపు స్థలాలు పూడ్చడానికి లారీల్లో వెళ్ళి విడిగా పోసిన బూడిద సంగతే వేరు. అక్కడ ఎగువ బావి లేదు, దిగువ బావి లేదు, మీద నాలుగంగుళాల ఎర్రమట్టి పరిచి ప్లాటు రాళ్ళు పాతేస్తారు. ఒక పెద్ద చెరువుకి నలభై చిన్న పిల్లలు పుట్టినట్టు. దాని మీద వేరే రాయాలి.

పోయిన వారం మళ్ళీ వెళ్ళాను. పెద్దమ్మ ఫలితం గురించి అడగలేదు. వంటింటి గూట్లోంచి లీటరు ప్లాస్టిక్ సీసా తీసి చూపించింది, కొత్తది, మూత గట్టిగా బిగించి ఉంది. నేను ఫోన్లో చెప్పినవన్నీ మనవరాలి చేత ఒక కాగితం మీద రాయించి సీసాకి దారంతో కట్టించింది. మోటారు పది నిమిషాలు వదలాలి. అదే నీళ్ళతో మూడుసార్లు కడగాలి. ఆమ్లం ఉందా అని అడగాలి. ఈసారి ఆ కుర్రాడు వస్తే అతని క్యానుతో పాటు ఇది కూడా నింపించుకుని, దాని మీద అతని చేత సంతకం పెట్టిస్తానంది. కాగితం చివర 'మా బోరు' అని రాసుంది. పక్కన తేదీకి చోటు వదిలింది.